పాఠకుల ప్రశ్న, వైద్యుల జవాబు: సగం తాగిన నీళ్ళ సీసా, కొంగున రెండు బిళ్ళలు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది పల్నాడు జిల్లాలో ఒక ఊరు. మా అమ్మ వయసు 42. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిరపకాయల కోతకు వెళ్తుంది. పొద్దున ఆరింటికి ఆటో ఎక్కితే ఇల్లు చేరేసరికి సాయంత్రం నాలుగవుతుంది. మధ్యాహ్నం దాటగానే కణతలు పగిలిపోతున్నాయంటూ, ఊళ్ళో కొట్లో దొరికే నొప్పి బిళ్ళ వేసుకుంటుంది. కొంగున ఎప్పుడూ రెండు బిళ్ళలు ముడివేసి ఉంటాయి. లీటరు సీసాతో నీళ్ళు తీసుకెళ్తుంది గానీ సగం అలాగే తిరిగొస్తాయి. అడిగితే “చేలో ఎక్కడికి పోను?” అంటుంది. ఇప్పుడు పనికి వెళ్ళని రోజుల్లో కూడా నిద్ర లేస్తూనే తలనొప్పి అంటోంది. నీళ్ళు ఎక్కువ తాగితే తగ్గిపోతుందా? పరీక్షలు ఏమైనా చేయించాలా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: మీరు రాసిన దాన్నిబట్టి మీ అమ్మగారిది ఒక తలనొప్పి కాదు, ఒకదానిమీద ఒకటి చేరిన రెండు తలనొప్పులు అనిపిస్తోంది. మొదటిది నీళ్ళతో తగ్గేదే. రెండోది మాత్రం ఆ కొంగుముడిలోని బిళ్ళల వల్ల వచ్చి ఉండవచ్చు కాబట్టి, నీళ్ళు ఎన్ని తాగినా అది పోదు.

ముందు మధ్యాహ్నపు నొప్పి సంగతి చూద్దాం. మెదడుకు స్వతహాగా నొప్పి తెలియదు. దాని చుట్టూ ఉన్న పొరలకు, రక్తనాళాలకు తెలుస్తుంది. చెమటగా పోయిన నీరు, ఉప్పు తిరిగి చేరకపోతే ఆ పొరల మీద లాగుడు పడి తల నొప్పి పుడుతుందని వివరిస్తారు. వంగినా, గబగబా నడిచినా ఈ నొప్పి ఎక్కువవుతుంది. కాయ కోతంతా వంగి చేసే పనే కదా. నోరు పిడచకట్టుకుపోవడం, మూత్రం చిక్కటి పసుపు రంగులో కొద్దికొద్దిగా రావడం దీనికి తోడుంటాయి. నీడలో కూర్చుని నీళ్ళు తాగితే చాలామందికి అరగంట నుంచి మూడు గంటల్లో నెమ్మదిస్తుంది. పార్శ్వపు నొప్పి ఉన్నవారికైతే ఎండ, ఆలస్యమైన భోజనం, తక్కువ నీళ్ళు మూడూ కలిసి దాన్ని రేపుతాయి.

ఎండలో పనిచేసేవారు ఇరవై నిమిషాలకోసారి గ్లాసుడు నీళ్ళు తాగాలని వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. అంటే గంటకు దాదాపు ముప్పావు లీటరు. రోజంతటికీ అర లీటరు ఏ మూలకు వస్తుంది? అయితే మీ అమ్మగారికి నీళ్ళ విలువ తెలియక కాదు, మగవాళ్ళూ ఉన్న చేలో చాటు లేక తాగడం లేదు. ఘాటుకు ముఖానికి కట్టుకున్న గుడ్డ మాటిమాటికీ విప్పలేకపోవడం కూడా ఉంటుంది. “నీళ్ళు బాగా తాగమ్మా” అని చీటీ రాసి పంపే మాలాంటి వైద్యులం ఈ చాటు సంగతి అడగనే అడగం. కాయలు ఆరబోసే కళ్ళంలో పట్టాలు ఎలాగూ ఉంటాయి. చేను గట్టున నాలుగు కర్రలు పాతి ఒక పట్టా చుట్టూ కట్టించమని కోత ముఠా అంతా కలిసి మేస్త్రీతో రైతును అడిగిస్తే, కాదనడానికి ఆయనకు పెద్దగా కారణం ఉండదు. మూత్రం గంటల తరబడి ఆపుకోవడం వల్ల మూత్రనాళ ఇన్ఫెక్షన్లు కూడా వస్తాయి గనుక ఇది తలనొప్పి ఒక్కదాని కోసమే కాదు.

బయలుదేరేముందే రెండు గ్లాసులు తాగించండి. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ, గంజి, తరవాణి అన్నీ మంచివే, బి.పి. ఉంటే మాత్రం ఉప్పు విషయం వైద్యుణ్ణి అడగాలి. అలాగని గంటకు లీటరున్నర మించి ఉత్త నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, దానివల్ల కూడా తలనొప్పే వస్తుంది. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఈ లెక్కలు పాటించకూడదు.

ఓ.ఆర్.ఎస్. రోజూ అవసరం లేదు. వాంతులు, విరేచనాలు అయినప్పుడు, విపరీతంగా చెమట పట్టి నీరసించినప్పుడు వాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం 20.5 గ్రాముల ప్యాకెట్టును మొత్తంగా లీటరు నీళ్ళలో కలిపి 24 గంటల్లోపు తాగెయ్యాలి; చిటికెడు చిటికెడు గ్లాసులో వేసుకోవడం సరికాదు. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు తలకొట్టి వేసి కలపండి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓ.ఆర్.ఎస్. కావు. వాటి మీద ఆ పేరు వాడటంపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

ఇక రెండో తలనొప్పి. తరచూ తలనొప్పి వచ్చేవారు పారాసెటమాల్ వంటి మామూలు బిళ్ళను నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిసిన బిళ్ళనైతే 10 రోజులు, అంతకు మించి మూడు నెలలకు పైగా వేసుకుంటూ పోతే, ఆ బిళ్ళే తలనొప్పిని తెచ్చిపెడుతుంది. నిద్ర లేస్తూనే నొప్పి, బిళ్ళ వేస్తే కాసేపు ఉపశమనం, మళ్ళీ నొప్పి – దీని తీరు ఇదే. మానేశాక మొదటి వారం పది రోజులు నొప్పి ఎక్కువగానే ఉంటుంది. అందరూ ఓడిపోయేది అక్కడే. కాబట్టి వైద్యుని పర్యవేక్షణలో మాన్పించండి.

అంతకంటే నాకు ఎక్కువ బెంగ ఆ బిళ్ళ ఏమిటన్నదే. కొట్లలో అమ్మే నొప్పి బిళ్ళల్లో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ తరచుగా ఉంటాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం అందేలా శరీరం చేసుకునే ఏర్పాటును ఈ మందులు దెబ్బతీస్తాయి. మీ అమ్మగారు వాటిని వేసుకుంటున్నదేమో సరిగ్గా ఒళ్ళు ఎండిపోయిన మిట్టమధ్యాహ్నం. ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఇదే కారణమని ఎవరూ తేల్చలేదు కాబట్టి ఆ పేరు చెప్పి భయపెట్టను గానీ, ఎండలో ఈ బిళ్ళలు వద్దని మాత్రం గట్టిగా చెబుతాను. తప్పనిసరైతే వారానికి రెండు రోజులు మించకుండా పారాసెటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాములు, అదీ నీళ్ళు తాగాక.

ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, ఒక పక్క కాలూచేయీ పట్టు తప్పడం, చూపు మసకబారడం, ఫిట్స్ కనిపిస్తే ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఎండలో ఒళ్ళు కాలిపోతూ పొంతన లేని మాటలు మాట్లాడితే అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి ఒంటిమీద నీళ్ళు పోసి విసరండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్ళు పోయకండి.

పరీక్షలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చాలు: బి.పి., హిమోగ్లోబిన్, మూత్ర పరీక్ష, కిడ్నీల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్ రక్తపరీక్ష. ఈలోగా గోడమీది క్యాలెండరులో తలనొప్పి వచ్చిన రోజుకు సున్నా, బిళ్ళ వేసుకున్న రోజుకు గీత పెట్టండి. ఆ కాగితంతో పాటు, ఖాళీ అయిన బిళ్ళల అట్టలు పారెయ్యకుండా వెంట తీసుకెళ్ళండి.