మందు ఆపితే చేతులు వణుకుతున్నాయి.. మానేదెలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 43 ఏళ్లు. మొదట్లో ఆదివారం మాత్రమే తాగేవాణ్ని, ఇప్పుడు రోజూ రెండు క్వార్టర్లు అవుతున్నాయి. పోయినేడు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు ముట్టలేదు. ఈ మధ్య మళ్లీ మానేద్దామని చూస్తే రెండో రోజుకే చేతుల వణుకు, చెమటలు, నిద్ర లేదు. పొద్దున్నే ఒక పెగ్గు వేస్తేగానీ టీ గ్లాసు పట్టుకోలేకపోతున్నా. బీరుకు మారి మెల్లగా తగ్గించుకోవచ్చా? అన్నంలో తెలియకుండా కలిపే పొడి ఉందని మా ఆవిడకు ఎవరో చెప్పారట, అది మంచిదేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు ఒక మాట సూటిగా చెప్తాను, ఇంట్లో ఒక్కరే మొండిగా ఒక్కసారిగా ఆపేసే ప్రయత్నం ఇంకోసారి చేయకండి. మానొద్దని కాదు, మీరు మానాలి, మానగలరు కూడా. కానీ రోజుకు 360 మి.లీ. తాగుతూ, పొద్దున్నే పెగ్గు పడితేగానీ వణుకు ఆగని స్థితిలో ఉన్న మనిషి చికిత్స లేకుండా హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదకు రావచ్చు.

ఆ వణుకు మీ పిరికితనం కాదు, మనసు గట్టిగా లేకపోవడమూ కాదు. మద్యం మెదడు వేగాన్ని అణచిపెడుతుంది, ఏళ్ల తరబడి రోజూ అదే జరుగుతుంటే మెదడు దాన్ని తట్టుకోవడానికి తన ఉద్రేకాన్ని పెంచుకుంటూ పోతుంది, మందు ఆగిన రోజు అణచేది పోయి ఆ ఉద్రేకం ఒక్కటే మిగులుతుంది. అందుకే చివరి పెగ్గు పడిన 6 నుంచి 8 గంటల్లో వణుకు, చెమట, గుండెదడ, వాంతులు మొదలవుతాయి, మీకు తెల్లారేసరికి వస్తున్నది అదే. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. మరికొందరికి రెండు మూడు రోజులయ్యాక మతి తప్పుతుంది: లేని మనుషులు కనపడతారు, ఒంటి మీద పురుగులు పాకుతున్నాయంటారు, సొంత పిల్లల్నే గుర్తుపట్టరు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించే లోపల విలువైన సమయం పోతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి వైన్ షాపులు మూసేసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం వరుస కట్టింది ఈ లక్షణాలతోనే. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి అయోమయంగా ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయమని ఇంట్లో ఇప్పుడే చెప్పి పెట్టండి.

మాల వేసినప్పుడు లేని బాధ ఇప్పుడెందుకంటారా, అప్పటికి మీ మోతాదు తక్కువై ఉండొచ్చు. పైగా ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం జరిగినకొద్దీ తర్వాతిసారి వచ్చే లక్షణాలు ఇంకా గట్టిగా ఉండే అవకాశం ఉంది. అయినా ఆ 41 రోజులు వృథా పోలేదు, నాకైతే మీ ఉత్తరంలో అన్నిటికంటే ఆశ కలిగించిన వాక్యం అదే. అప్పుడు ఎవరూ మిమ్మల్ని సిట్టింగ్‌కు పిలవలేదు, తెల్లవారుజామున స్నానం, సాయంత్రం పూజ, చుట్టూ మాల వేసుకున్న స్వాములే. అంటే మందు దొరికే దారి, తాగే వేళ, తాగే స్నేహం మూడూ ఒకేసారి మారాయి, ఇరుముడి దించాక అవే తిరిగొచ్చాయి. ఈసారి చికిత్సతో పాటు వాటిని కూడా మార్చాలి.

బీరు సంగతి. 7 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు, 650 మి.లీ. సీసాలు రెండు తాగితే అందులోని ఆల్కహాల్ ఒక క్వార్టర్ విస్కీ కంటే ఎక్కువే, కాబట్టి క్వార్టర్ బదులు అవి తాగితే తగ్గించినట్టు కాదు. కల్లుకు మారడం ఇంకా ప్రమాదం, మన దగ్గర కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రాజోలం లాంటి మత్తు పదార్థాలు కలుపుతున్నారు, అది ఆగితే మళ్లీ ఇదే వణుకు, ఇవే ఫిట్స్. డాక్టర్‌ను కలిసేదాకా ఉన్న మోతాదు పెంచకండి, హఠాత్తుగా ఆపకండి, ఖాళీ కడుపుతో తాగకండి, కానీ ఆ కలవడం మాత్రం ఈ వారంలోనే జరగాలి.

పొడి అసలు వద్దు. అలాంటి వాటిలో డైసల్ఫిరాం ఉండొచ్చు, దాని మీద మద్యం పడితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణమే పోవచ్చు. అది తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ చెప్తే వేసుకునే మందు. మీ ఆవిడ భయంతోనే ఆలోచించి ఉంటారు, ఆమెను తప్పుపట్టకుండా ఈ సంగతి చెప్పండి.

జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. మీ మోతాదుకు కొన్ని రోజులు అడ్మిట్ కమ్మనవచ్చు, ఒప్పుకోండి. వణుకు, ఫిట్స్ రాకుండా కొన్ని రోజుల్లో తగ్గించుకుంటూ ఆపే మాత్రలు ఇస్తారు, వాటిని మెడికల్ షాపులో మీరే అడిగి వేసుకోవద్దు. థయమిన్, అంటే బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు, అది లోపిస్తే మెదడు దెబ్బతింటుంది. ఒంటి బాధ చాలామందికి వారంలో తగ్గుతుంది, నిద్ర కుదరడానికి వారాలు పడుతుంది, తాగాలన్న కోరిక నెలల తరబడి వచ్చి పోతుంటుంది. ఆ కోరికను తగ్గించే మందులు కూడా ఉన్నాయి, లివర్ పరీక్ష చూసి ఏది సరిపోతుందో డాక్టర్ చెప్తారు. కోరిక పొంగినప్పుడు అరగంట వాయిదా వేయండి, ఏదైనా తినండి, ఎవరితోనైనా మాట్లాడండి, ఎక్కువసార్లు ఆలోపే తగ్గుతుంది. మాట్లాడేవాళ్లు లేరనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

ఓపీకి మీ ఆవిడను వెంట తీసుకెళ్లండి. రోజుకు ఎంత తాగుతున్నారో తగ్గించి చెప్పకండి, మాత్రల మోతాదు దాని మీదే ఆధారపడుతుంది. చివరిసారి ఎన్ని గంటలకు తాగారో, ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయో, షుగర్, బీపీకి ఏం వాడుతున్నారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.