టెక్ సందేహాలు: రిమోట్ బొలెరో గుట్ట ఎక్కాలంటే

ఈసారి వచ్చిన ప్రశ్నలల్ల సగానికి ఎక్కువ రిమోట్ బండ్ల గురించే ఉన్నయి. షాపుల కొన్నయి కాదు, సొంతంగ కట్టుకునేటియి, బండలు గుట్టలు ఎక్కే స్కేల్ ట్రక్కులు, అంటే అసలు బండికి చిన్న నకళ్ళు. మన దిక్కు పిల్లలు ఇసొంటి పనిల పడ్డరంటే నాకు మస్తు సంతోషమైంది. కాకపోతే అందరి ప్రశ్న తిరిగి తిరిగి ఒక్కకాడికే వస్తుంది, ఇంకా పవర్ ఉన్న మోటర్ ఏదో చెప్పు అని. మోటర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు బండిల బరువు ఎక్కడున్నది, కరెంటు ఎటు పోతుంది, ఈ రెండు చూసుకోవాలె.

ప్రశ్న: అన్నా, మాది నల్లగొండ, పాలిటెక్నిక్ చదువుతున్న. మా నాయన బొలెరో నడుపుతడు, అచ్చం అట్లాంటిదే రిమోట్‌ది కట్టి ఆయనకు చూపియ్యాలని ఉంది. 313 ఎంఎం వీల్‌బేస్ ఉన్న క్రాలర్ (బండలు ఎక్కే రిమోట్ బండి) ఛాసిస్ సెకండ్ హ్యాండ్‌ల దొరికింది. కూలర్లు చేసే షాపుల జీఐ రేకుతోని బాడీ కొట్టియ్యాలనుకుంటున్న. 1/10 స్కేల్‌కు కొలతలు ఎట్ల తీసుకోవాలె? ఇప్పటికైతే అట్ట ముక్కల బాడీ పెట్టి, ఎనుక సీటు కాడ బ్యాటరీ కట్టి, లతీఫ్ సాహెబ్ గుట్ట కింద బండల మీద ఎక్కిస్తే ఎనుకకు పల్టీ కొడుతుంది. మోటర్ మార్చాల్నా?

తమ్ముడూ, ముందు స్కేల్ సంగతి. 1/10 అనేది ఈ హాబీల ఒక క్లాస్ పేరు లెక్క, టేప్ పెట్టి కొలిస్తే అన్ని బండ్లు కచ్చితంగ పదోవంతు ఉండవు. బొలెరో వీల్‌బేస్ 2,680 ఎంఎం, అంటే ముందు చక్రం నడుమ నుంచి ఎనుక చక్రం నడుమ దాక. పదితోని భాగిస్తే 268, నీ ఛాసిస్ ఏమో 313, నాలుగున్నర సెంటీమీటర్ల తేడా, ఆ కొలతల బాడీ తెచ్చి దీని మీద కూసోపెడితే చక్రం పోయి డోర్ కింద ఉంటది. అందుకే ఉల్టా లెక్క చెయ్యి. 2,680 ని 313 తోని భాగిస్తే 8.56 వస్తది, నీ బండి స్కేల్ అదే, ఇగ ప్రతి కొలతను దాంతోనే భాగించుకుంట పో. పొడవు 3,995 ఉంటది, అది 467 అయితది, వెడల్పు 1,745 పోయి 204, ఎత్తు 1,880 పోయి 220 ఎంఎం. నాయన బండి ఇంటి ముంగటనే ఉంటది కదా, బానెట్, డోర్ల సందు, అద్దాలు, ఎనుక స్టెప్నీ అన్ని నువ్వే టేప్‌తోని కొలుచుకో. ఫొటో చూసి కొలిస్తే కెమెరాకు దగ్గరున్న భాగం పెద్దగ పడి లెక్క తప్పుతది.

టైర్ల కాడ ఒక నిర్ణయం తీసుకోవాలె నువ్వు. అసలు బొలెరో టైరు 215/75 ఆర్15, దాని ఎత్తు సుమారు 703 ఎంఎం, నీ స్కేల్‌ల 82 అయితది. క్రాలర్లకు మామూలుగ వేసే 1.9 ఇంచుల రిమ్ముల టైర్లు 110 దగ్గర ఉంటయి, అవి వేస్తే బండలు బాగ ఎక్కుతది కానీ చూస్తే బొలెరో లెక్క ఉండదు, ట్రాక్టర్ టైర్లు తొడిగినట్టు ఉంటది. 1.55 ఇంచుల రిమ్ములకు 95 దగ్గర టైర్లు దొరుకుతయి. వీటితోని ఇరుసు కింద ఏడున్నర ఎంఎం సందు తగ్గుతది, అయినా నేనైతే ఇవే వేస్తా, ఎందుకంటే నువ్వు కట్టేది నాయనకు చూపియ్యనీకి, ఆయన ఒక్క చూపుల గుర్తుపట్టాలె.

ఇగ రేకు. దయచేసి జీఐ రేకు వద్దు. అర ఎంఎం రేకు చదరపు అడుగుకు 365 గ్రాములు తూగుతది, నీ బాడీకి తక్కువల తక్కువ రెండున్నర చదరపు అడుగులు పడతది, అంటే 900 గ్రాములు, అదీ అంత ఎత్తుల. అదే 1.5 ఎంఎం స్టైరీన్ (తేలిక ప్లాస్టిక్) షీట్ అయితే చదరపు అడుగుకు 150 గ్రాములు కూడ ఉండదు. స్టైరీన్ నల్లగొండల దొరకకపోతే ఫ్లెక్సీలు కొట్టే షాపుకు పోయి 3 ఎంఎం సన్‌బోర్డ్ (తేలికైన ఫోమ్ పలక) ముక్కలు అడుగు, బరువు అటుఇటుగ అంతే ఉంటది, కట్టర్‌తోని కోయొచ్చు, ఫెవిక్విక్‌తోని అతుకుతది, మూలలకు లోపల నుంచి చిన్న పట్టీలు వెయ్యి. అద్దాల ప్లాస్టిక్ మాత్రం ఫెవిక్విక్ పక్కన పెట్టకు, దాని ఆవిరి తగిలి తెల్లగ మబ్బు పడతది. గ్రిల్లు, లైట్ల డబ్బలు 3డీ ప్రింట్ తీపియ్యాలంటే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ తీస్కోకు, అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుడు షురూ అయితది, మే నెలల నల్లగొండ ఎండకు మూసిన కార్ల పెడితే వంకర పోవుడు ఖాయం. పీఈటీజీ గానీ ఏబీఎస్ గానీ అడుగు.

ఇప్పుడు పల్టీ సంగతి, దీంట్ల కొంచెం లెక్క ఉంది కానీ పదో తరగతి లెక్కనే. బండి మొత్తం బరువు ఒక్క బిందువు కాడ ఉందనుకో. వాలు మీద ఎక్కేటప్పుడు ఆ బిందువు నుంచి నిట్టనిలువు గీత గీస్తే అది ఎనుక టైరు నేలను ఆనే జాగను దాటి ఎనుకకు పోయిందంటే బండి లేస్తది, మోటర్ ఎంత పెద్దదైనా సరే, పెద్దదైతే ఇంకా తొందరగ లేస్తది. నీ 313 వీల్‌బేస్‌ల బరువు ముందుకు ఎనుకకు సమానంగ ఉండి, ఆ బిందువు నేల నుంచి 100 ఎంఎం ఎత్తుల ఉంటే, 57 డిగ్రీల వాలు దాక నిలుస్తది. అదే 60 శాతం బరువు ముందు ఇరుసు మీద పడేటట్టు చేస్తే 62 డిగ్రీలు. నువ్వేమో బ్యాటరీ తీస్కపోయి ఎనుక సీటు కాడ, పైన కట్టినవ్. పక్కకు పడేది ఇంకా కష్టం. కుడి ఎడమ టైర్ల నడుమ దూరం 180 ఎంఎం అనుకుంటే, బిందువు 80 ఎంఎం ఎత్తుల ఉంటే 48 డిగ్రీల దాక ఆగుతది, 110 కు పోతే 39 కే పడతది. మూడు సెంటీమీటర్లకు తొమ్మిది డిగ్రీలు పోయినయి చూడు. అందుకే రేకు వద్దన్న.

ఇంట్లనే కొలుచుకోవచ్చు. వంటింట్ల త్రాసు ముందు చక్రాల కింద పెట్టి, ఎనుక చక్రాల కింద అదే ఎత్తు పుస్తకాలు పెట్టు, ముందు బరువు తెలుస్తది, తర్వాత మార్చి పెట్టు. ఇగ ఒక చెక్క పలక మీద బండిని అడ్డంగ పెట్టి మెల్లగ ఎత్తు, పై చక్రాలు లేచే టైంల ఫోన్ల లెవల్ యాప్‌తోని పలక కోణం చూడు. బ్యాటరీ బానెట్ కింద అడ్డంగ పెట్టు, సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటర్) కూడ ముందు ఇరుసు మీదికి తే, ముందు చక్రాల కాడ ఇత్తడి నకిల్స్ (చక్రం పక్కకు తిరిగే కీలు ముక్కలు) వేస్తే ఇంకా మంచిది, లేత్ షాపుల ఇత్తడి రింగులు తీపిచ్చి రిమ్ముల లోపల వేసినా పనైతది. బరువు ఎంత కిందికుంటే అంత మేలు, స్ప్రింగుల మీద ఉండే భాగం ఎంత తేలికుంటే అంత మేలు.

ఇవన్నీ అయినంక మోటర్. 540 సైజు బ్రష్డ్ మోటర్‌ల టర్న్స్ అని ఉంటయి, అంటే లోపల తీగ ఎన్నిసార్లు చుట్టిన్రో ఆ లెక్క, 35, 45, 55. టర్న్స్ పెరిగితే స్పీడ్ తగ్గుతది, కరెంటు తక్కువ తాగుతది, మెల్లగ పోవుడు మీద పట్టు వస్తది. బండల మీద మనిషి నడిచే స్పీడ్ చాలు, గంటకు 5 కిలోమీటర్లు. 110 ఎంఎం టైరు ఒక చుట్టుకు 345 ఎంఎం పోతది, అంటే నిమిషానికి 240 చుట్లు కావాలె. మోటర్ 10 వేల చుట్లు తిరుగుతదనుకుంటే మొత్తం గేర్ రేషియో 41 దగ్గర ఉండాలె. 95 ఎంఎం టైరు వేస్తే స్పీడ్ ఇంకా కొంచెం తగ్గుతది, అది నీకు మంచిదే. మోటర్ కొనకు ఉండే చిన్న పినియన్ గేరుకు రెండు పళ్ళు తగ్గిస్తే చాలా తేడా వస్తది, మోటర్ కొనేకన్న పినియన్ కొనుడు చవక. గేర్లు కలిపేటప్పుడు నడుమ నోట్‌బుక్ కాగితం ముక్క పెట్టి స్క్రూలు బిగించి, ఆ కాగితం తిప్పి తీసేయ్, సందు సరిగ్గ కూసుంటది. స్పీడ్ కంట్రోలర్ (మోటర్‌కు ఎంత కరెంటు పోవాలో చూసేది) మాత్రం క్రాలర్లకు చేసిందే తీస్కో, హాబీవింగ్ 1080 లాంటిది, దాంట్ల డ్రాగ్ బ్రేక్ సెట్ చెయ్యొచ్చు, ట్రిగ్గర్ వదిలితే బండి వాలు మీద అక్కడనే ఆగుతది, జారదు. డిఫరెన్షియల్స్ (ఒక ఇరుసు మీది రెండు చక్రాలకు బలం పంచే గేర్లు) లాక్ అయి ఉన్నయో లేదో కూడ చూడు, ఓపెన్ ఉంటే గాల్ల లేసిన చక్రమే తిరుగుతది, నేల మీదున్నది ఊకె ఉంటది.

ఒక మాట. పానగల్ గుడి రాళ్ళ మీద, దేవరకొండ ఖిల్లా మెట్ల మీద నడపకండి ఎవరూ, పాత కట్టడాలు అవి. మనకు గుట్టలు కరువు లేదు.

ప్రశ్న: అన్నా, మిర్యాలగూడ నుంచి. 25 కిలోల బలం ఉన్న సర్వో వేసిన. బండి రాయికి ఆని ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పితే మొత్తం ఆఫ్ అయి రెండు సెకండ్లకు ఆన్ అయితుంది. రిసీవర్ పోయిందా?

రిసీవర్, అంటే రిమోట్ సిగ్నల్ అందుకునేది, మంచిగనే ఉంది, దానికి కరెంటు అందుతలేదు. సర్వో రాయికి ఆని తిరగలేక గుంజేటప్పుడు రెండు మూడు ఆంపియర్లు, పెద్దదైతే ఇంకా ఎక్కువ తాగుతది. నీ స్పీడ్ కంట్రోలర్‌ల ఉన్న బీఈసీ (రిసీవర్‌కు, సర్వోకు కరెంటు ఇచ్చే భాగం) అంత ఇయ్యలేదు, వోల్టేజ్ పడిపోతది, రిసీవర్ ఆఫ్ అయి మళ్ళ లేస్తది. 6 వోల్టులు 5 ఆంపియర్ల యూబీఈసీ (విడిగ దొరికే బీఈసీ) ఒకటి తెచ్చి బ్యాటరీ నుంచి నేరుగ రిసీవర్‌కు కరెంటు ఇయ్యి, స్పీడ్ కంట్రోలర్ నుంచి వచ్చే మూడు వైర్లల్ల ఎర్రది ఒక్కటి పిన్ను తీసి టేప్ చుట్టు, నల్లది తెల్లది అట్లనే ఉండాలె. ఎర్రది తీయకపోతే రెండు సప్లైలు ఒకదానితోని ఒకటి కొట్లాడతయి. సర్వో తట్టుకునే వోల్టేజ్ ఎంతో దాని మీద చూసుకో. ఇంకోటి, స్టీరింగ్ పూర్తిగ తిప్పి పట్టుకుంటే సర్వో కుయ్‌మని మోగుతుందంటే అది నకిల్ స్టాప్‌ను నెడుతున్నట్టు, రిమోట్‌ల ఎండ్ పాయింట్ (స్టీరింగ్ ఎంతదాక తిరగాలనే హద్దు) తగ్గించు, లేకపోతే పది నిమిషాలకే వేడెక్కి కాలుతది. పనిల పని ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే బండి ఆగే ఏర్పాటు) కూడ సెట్ చేసి చూడు. చక్రాలు గాల్ల ఉంచి, మెల్లగ ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని, రిమోట్ ఆఫ్ చేస్తే మోటర్ ఆగాలె.

ప్రశ్న: నమస్తే సార్, పాలమూరు జిల్లాల సైన్స్ టీచర్‌ను. మా పిల్లలు ఆర్డుయినో (ప్రోగ్రామ్‌తోని నడిచే చిన్న బోర్డు), మోటర్లకు కరెంటు ఇచ్చే ఎల్298ఎన్ మాడ్యూల్‌తోని 540 మోటర్ నడపబోతే రెండు మాడ్యూళ్ళు కాలిపోయినయి. కనెక్షన్ తప్పా?

కనెక్షన్ కరెక్టే ఉండొచ్చు మేడం, మాడ్యూలే ఆ పనికి సరిపోదు. ఎల్298ఎన్ ఒక ఛానల్‌కు 2 ఆంపియర్లే తట్టుకుంటది, పైగా రెండు వోల్టుల దాక అదే మింగుతది. 540 మోటర్ ఆగిపోయి గుంజితే పదుల ఆంపియర్లు పోతది. చిన్న పసుపు గేర్ మోటర్లకు ఆ మాడ్యూల్ పెట్టుకోండి. దీనికి బ్రష్డ్ మోటర్ల ఈఎస్‌సీ, అంటే స్పీడ్ కంట్రోలర్ తీసుకోండి, అది సర్వోకు ఇచ్చే సిగ్నల్‌నే అర్థం చేసుకుంటది కాబట్టి ఆర్డుయినో సర్వో లైబ్రరీతోనే నడుస్తది, 1500 మైక్రోసెకండ్లు అంటే న్యూట్రల్, 2000 దిక్కు ముందుకు, 1000 దిక్కు ఎనుకకు. ఆన్ చేసినంక రెండు మూడు సెకండ్లు 1500 పంపుతనే ఉండాలె, అప్పుడే అది సిద్ధమైతది. రెండింటి గ్రౌండ్ కలపాలె. మోటర్ టెర్మినళ్ళకు 104 అని రాసున్న కెపాసిటర్లు, నడుమ ఒకటి, రెండు టెర్మినళ్ళ నుంచి డబ్బకు ఒక్కోటి సోల్డర్ చేపియ్యండి, ఆర్డుయినో ఊకెనే రీసెట్ అయ్యేది తగ్గుతది. విడి పార్టులు కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతయి, పిల్లలను ఒకసారి తోల్కపోండి, చాలా నేర్చుకుంటరు.

ప్రశ్న: వనపర్తి నుంచి అన్నా. విదేశాల నుంచి మొత్తం కిట్టు తెప్పించుకుంటే చవకగ పడతదా?

లెక్క వేసినంకనే ఆర్డర్ పెట్టు. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020ల 20 నుంచి 60 శాతం చేసిన్రు, 2023ల 70 కి పెంచిన్రు, 2021 జనవరి నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) మార్కు నియమం కూడ వచ్చింది. అందుకే పార్సిల్ కస్టమ్స్‌ల ఆగితే ధర ఎక్కడికో పోతది. ఇప్పటి రేటు కనుక్కో, మన దేశంల అమ్మేటోళ్ళ ధర పక్కన పెట్టి చూడు. బ్యాటరీ మాత్రం ఎట్లనైనా ఇక్కడనే కొను.

ప్రశ్న: సార్, దేవరకొండ. మా బాబు ట్రక్కు లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఉబ్బింది. ఇంకా నడుస్తనే ఉంది, వాడొచ్చా?

వాడొద్దు, ఛార్జింగ్ అసలే పెట్టొద్దు. ఉబ్బిందంటే లోపల గ్యాస్ పుట్టినట్టు. పోయిన ఏడాది మే నెలల నేను ఫుల్ ఛార్జ్ చేసిన బ్యాటరీని స్కూటర్ డిక్కీల పెట్టి మధ్యాహ్నం మొత్తం ఎండల నిలబెట్టిన, సాయంత్రానికి దిండు లెక్క ఉబ్బింది. అగ్గి అంటుకోలేదు కానీ ఆ రాత్రి దాన్ని ఇంట్లకు తేలేదు. ఎండ, ఫుల్ ఛార్జ్ రెండు కలిస్తే దీనికి ప్రాణాంతకం.

కొత్తది కొన్నంక ఇట్ల చూసుకోండి. ఒక సెల్‌కు ఫుల్ అంటే 4.2 వోల్టులు, కిందికి 3.3 దాటనియ్యొద్దు, కటాఫ్ ఉన్న స్పీడ్ కంట్రోలర్‌ల లైపో మోడ్ పెట్టాలె. వాడని రోజుల్ల 3.8 కాడ ఉంచాలె, బ్యాలెన్స్ ఛార్జర్‌ల (సెల్లులన్నీ సమానంగ ఛార్జ్ చేసేది) స్టోరేజ్ అని ఉంటది చూడండి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి 5 ఆంపియర్ల కంటె ఎక్కువ ఛార్జ్ పెట్టొద్దు. నడిపి వచ్చినంక వేడి మీద పెట్టొద్దు, చల్లారనియ్యాలె. ఛార్జింగ్ నేల మీద, బండ మీద, పక్కన ఇసుక బకెట్ పెట్టుకుని, మనిషి ఉన్నప్పుడే. మంచం మీద, పరుపు మీద వద్దు, రాత్రి పెట్టి పండుకోవద్దు.

ఇప్పుడున్న ఉబ్బినదాన్ని ఇయ్యాలనే బండిల నుంచి తీసి, వైర్ల కొనలు ఒకదానికొకటి తగలకుండ టేప్ చుట్టి, ఇసుక పోసిన కుండల పెట్టి ఇంటి బయట నీడల ఉంచండి. పొడవొద్దు, కోయొద్దు, చెత్త బండిల వేయొద్దు. హైదరాబాద్ పోయినప్పుడు ఈ-వేస్ట్ తీసుకునే సెంటర్‌ల ఇచ్చేయండి, అది బయటికి పోయేదాక బాబును ఆ కుండ దగ్గరికి పోనియ్యకండి.