బెంగళూరు ఫ్లాట్‌లో ఇంటి పంట, ఇంటి వంట ఎంతవరకు కుదురుతాయి?

మీరు అడిగింది ఇది: ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు, అద్దె ఫ్లాట్, ఒకటే బాల్కనీ. కూరగాయలు మీరే పండించుకోవాలని, ప్యాకెట్ తిండి మానేసి అన్నీ ఇంట్లోనే చేసుకోవాలని ఉంది. బెంగళూరులో అది అయ్యే పనేనా, ఖర్చు తగ్గుతుందా అని.

మాది మదనపల్లె వైపు. ఇక్కడ వైట్‌ఫీల్డ్ దగ్గర మీలాంటి ఫ్లాట్‌లోనే ఉంటూ కొన్నేళ్లుగా ఇలాగే నడుపుకొస్తున్నాం. మా అనుభవంలో వంట పూర్తిగా ఇంట్లో చేసుకోవచ్చు. పంట మాత్రం మీరు ఊహించుకున్నట్టు ఉండదు. బాల్కనీలో కూర పండదండీ, కూరలో పడేవి పండుతాయి.

ఇద్దరికి వారంలో ఒకసారి వేపుడుకు సరిపడా బెండకాయలు రావాలంటే పది మొక్కలైనా ఉండాలి. ప్రతి మొక్కకీ పెద్ద కుండీ, రోజులో ఆరు గంటల ఎండ కావాలి. 20 లీటర్ల కుండీలో మట్టి తడిసిందంటే 30 కిలోల దాకా బరువు తూగుతుంది. అలాంటివి పది పెడితే ముందు మీ ఓనరుకు టెన్షన్ మొదలవుతుంది. టమాటా సంగతైతే అడగనే వద్దు. ఒక పక్క కోలారు, ఇంకో పక్క మా మదనపల్లె, రెండు పెద్ద టమాటా మార్కెట్లూ దగ్గర్లోనే ఉన్నాయి. అంత దగ్గర నుంచి వచ్చే కాయను బాల్కనీలో తెల్లదోమతో కొట్లాడి పండించడం సరదాకే తప్ప వంటకు కాదు. సరదా తీర్చుకోవాలనుకుంటే అర్క రక్షక్ రకం చూడండి. ఇక్కడి హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తయారు చేసిన హైబ్రిడ్ అది, తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడుత వైరస్‌ను తట్టుకుంటుంది.

అదే కరివేపాకు, కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి, మెంతికూర, గోంగూర అయితే లెక్క వేరు. ఇవి పూటకు గుప్పెడు చాలు. బజార్లో మాత్రం కట్ట కొనాలి, అందులో సగం ఫ్రిజ్‌లో నల్లబడుతుంది. పైగా కోసిన పది నిమిషాల్లో పోపులో పడ్డ కరివేపాకు వాసన కొన్నదానికి రాదు.

కుండీలు కొనేముందు బాల్కనీ ఏ దిక్కుకు ఉందో చూసుకోండి. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి ఏప్రిల్ 24 ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ తర్వాత ఆగస్టు 18 ప్రాంతం వరకు ఉత్తరం వైపుకే ఉంటాడు. అందుకే చలికాలంలో ఎండతో నిండిపోయే దక్షిణం బాల్కనీ మే, జూన్ నెలల్లో నీడలో పడుతుంది. మొక్కలు డీలా పడితే జనం ఎరువు పోస్తారు, కావలసింది ఎండ. తూర్పు బాల్కనీ అయితే అదృష్టవంతులు, పొద్దుటి మూడు నాలుగు గంటల ఎండ ఆకుకూరలకు సరిపోతుంది. మట్టికి మేము ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు సమపాళ్లలో కలుపుతాం. పావురాల వల మాత్రం మొక్కల కన్నా ముందే కట్టించుకోండి, లేకపోతే మొలకలన్నీ వాటికే.

కొత్తిమీరకు ధనియాలను అప్పడాల కర్రతో మెల్లగా నలిపి, గింజ రెండు బద్దలయ్యాక చల్లాలి. మొలక రావడానికి వారం పది రోజులు పడుతుంది, కంగారు పడకండి. ఏప్రిల్ ఎండల్లో వేస్తే ఆకు రాకుండా పూతకు పోతుంది. గోంగూర దీనికి రివర్స్. పగటి పొద్దు తగ్గేకొద్దీ అది పూతకు వస్తుంది. దసరా దాటాక వేస్తే మూరెడు ఎదగకుండానే పూసేస్తుంది. ఉగాది అయ్యాక వేసి, చివర్లు తుంచుతూ ఉంటే నెలల తరబడి ఆకు ఇస్తుంది. మాకు గింజలు మా అత్తగారు ఊరి నుంచి పంపుతారు. మీకు అలా ఎవరూ లేకపోతే ఇక్కడి దుకాణంలో పుండి సొప్పు (గోంగూరకు కన్నడ పేరు) గింజలని అడగండి.

నీళ్ల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు జలమండలి తాగేనీటిని మొక్కలకు పోయడం నిషేధించింది, పట్టుబడితే 5000 రూపాయల జరిమానా. ఆ ఎండాకాలం మా మొక్కలు బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లతోనే గట్టెక్కాయి. ఇప్పటికీ అదే అలవాటు. ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్లు మాత్రం రోజూ పోయకండి, వాటిలో ఉప్పు ఎక్కువ. కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీటిని రెండు మూడు రోజులకోసారి పారబోయాలి, డెంగీ దోమ అలాంటి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది.

ఇక వంట. "అన్నీ ఇంట్లోనే" అంటే అన్నీ రోజూ చేయడం కాదు. మా ఇంట్లో పెరుగు రోజూ తోడుకుంటుంది, పిండి వారానికోసారి, పొడి నెలకోసారి, ఊరగాయ ఏడాదికోసారి. గ్రైండర్ డ్యూటీ మా ఆయనది, శనివారం. ఇడ్లీకి ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, దోసెకు ఒకటికి మూడు బియ్యం, కాసిని మెంతులు. ఎండాకాలంలో రాత్రి రుబ్బితే తెల్లారేసరికి పొంగిపోతుంది. డిసెంబరు, జనవరిలో ఇక్కడి చలికి పన్నెండు గంటలు దాటినా కదలదు. అప్పుడు గిన్నెను ఓవెన్‌లో పెట్టి లైటు మాత్రం వేసి ఉంచుతాం. అది కూడా పనిచేయని వారం పెసరట్టు వేసుకుంటాం, దానికి పులియబెట్టే పని లేదు.

చాలామంది పప్పు ఉడకలేదని కుక్కర్‌నో కందిపప్పునో తిడతారు. ట్యాంకరు, బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువగా ఉంటే పప్పు మెత్తబడదు. నానబెట్టడానికీ ఉడకబెట్టడానికీ ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు వాడి, చింతపండు ఉడికాక వేసి చూడండి.

అసలు పరీక్ష రాత్రి ఎనిమిదిన్నరకు వస్తుంది. ట్రాఫిక్‌లో నలిగి ఇల్లు చేరాక చెయ్యి ఫోన్‌లో ఆర్డర్ యాప్ మీదకే పోతుంది. ఆ పూట మమ్మల్ని కాపాడేది కందిపొడి. అన్నం కుక్కర్‌లో పెట్టి, పొడి, నెయ్యి, నిమ్మకాయంత చింతపండు పిసికి చారు పెడితే అరగంటలో భోజనం. కొన్ని రోజులు రాగి సంగటి కెలికి, వేరుశనగ ఊరుబిండి పచ్చడితో తినేస్తాం. రాగులు ఇక్కడి పంటే కాబట్టి మంచివి సులువుగా దొరుకుతాయి.

ఖర్చు అడిగారు కదా. మొక్కల మీద మొదటి ఏడాది మిగలదు సరికదా, కుండీలకు, మట్టికి, వలకు చేతి నుంచి పడుతుంది. మాకు మిగిలిందంతా ఆ ఎనిమిదిన్నర ఆర్డర్లు తగ్గడం వల్లే. టైమ్ లెక్క వేస్తే అది కూడా ఉచితం కాదు, శనివారం సాయంత్రం మాకు సినిమాలు తక్కువ.

కూరగాయలు మేము హాప్‌కామ్స్‌లోనో, సంతలోనో కొంటాం. హాప్‌కామ్స్ 1959లో మొదలైన రైతుల సహకార సంఘం, ఊరంతా దాని దుకాణాలు ఉన్నాయి. డిసెంబరు వస్తే అనపకాయలు (సొరకాయ కాదు, చిక్కుడు జాతి కాయలు) గుట్టలు పోసి అమ్ముతారు. గింజలు నానబెట్టి, పితికి, ఆ పప్పుతో పులుసు పెట్టే రోజు ఇంట్లో అందరికీ పనే, టీవీ ముందు కూర్చుని తలా ఒక చెయ్యి వేయాల్సిందే. నూనె, బెల్లం, ఇడ్లీ రవ్వ కొనడానికి మాకు ఏ మొహమాటమూ లేదు.

మీరైతే కుండీలతో మొదలుపెట్టకండి. ముందు రెండు నెలలు పెరుగు, పిండి, ఏదో ఒక పొడి ఇంట్లో చేసుకోవడం అలవాటు కానివ్వండి. ఆ రెండు నెలల్లో ఫ్రిజ్‌లో ఏ ఆకు ఎక్కువగా వాడిపోయి పారేస్తున్నారో గమనించండి. మొదటి కుండీ దానికోసం కొనండి.