సర్కారు బిల్లు కట్టే కంపెనీలో పెళ్లి డబ్బు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను, వయసు 62. ప్లాటు అమ్మితే 16 లక్షలు వచ్చాయి. బంగారం మీద రెండున్నర లక్షల అప్పుంది. రెండేళ్లలో అమ్మాయి పెళ్లి, దానికి 9 లక్షలు అనుకున్నాం. బ్రిటన్‌లో చదువుతున్న మా అబ్బాయి ఒక హోటల్లో రాత్రి కాపలా పని చేస్తున్నాడు. ఆ హోటల్ నిండా ఆశ్రయం కోరి వచ్చినవారేనట, బిల్లు ప్రభుత్వానిదట. ‘ఇలాంటి పనులు చేసే కంపెనీల షేర్లలో 10 లక్షలు పెట్టు నాన్నా, అమెరికాలోనూ ఉన్నాయి, సర్కారు డబ్బు ఎక్కడికి పోతుంది’ అంటున్నాడు. పెట్టమంటారా? పరుల కష్టం మీద సంపాదించినట్టు అవుతుందేమోనన్న సంకోచమూ ఉంది.

జవాబు: సారూ, ముందు లెక్కలోకి వద్దాం. పదహారులో అప్పు, పెళ్లి పోతే మిగిలేది నాలుగున్నర. ప్లాటు లాభం మీద పన్ను ఇంకా కట్టలేదనుకుంటాను. మరి ఆ 10 లక్షలు ఎక్కడివి?

అయినా మీ అబ్బాయి చూసింది అబద్ధం కాదు. ఆశ్రయం కోరినవారికి వసతి చూసే పనిని బ్రిటన్ 2019లో పదేళ్లకు మూడు కంపెనీలకు అప్పగించింది: సెర్కో, మియర్స్, క్లియర్‌స్ప్రింగ్స్. మొత్తం 450 కోట్ల పౌండ్లు అవుతుందనుకున్న ఖర్చు 1,530 కోట్లకు చేరుతుందని ఆ దేశపు ఆడిట్ సంస్థ 2025 మేలో తేల్చింది. అప్పటికి హోటళ్లలో ఉన్నది మూడో వంతుకు కాస్త ఎక్కువ మంది, ఖర్చులో నాలుగింట మూడు వంతులు మాత్రం వాటికే. భోజనం పెట్టే హోటల్లో ఉన్న మనిషి చేతికి వారానికి అందేది పది పౌండ్ల లోపు.

మనుషుల తలలు లెక్కపెట్టి డబ్బు తీసుకునే ఈ పద్ధతి మా పాలమూరు వాళ్లకు కొత్త కాదు. మా తాత గుంపు మేస్త్రీ వెంట ఆనకట్ట పనులకు వలస పోయినవాడు. కాంట్రాక్టరు తలకింత అని మేస్త్రీకి ఇచ్చేవాడు, మేస్త్రీ రోజూ పొద్దున గుడిసెల ముందు తలలు లెక్కపెట్టి చిట్టాలో రాసుకునేవాడు, సాయంత్రం జొన్నలు కొలిచి పోసేవాడు. తలలు ఎక్కువైతే మేస్త్రీకి పండగే. పని ఆగిన రోజున మాత్రం అతనికీ బండి ఖర్చులు మిగిలేవి కావని తాత నవ్వేవాడు.

ఇక్కడ మీరు కొనబోయేది ఆ మేస్త్రీ చిట్టాలో వాటా. అందులోనూ మంచి వాటా అమ్మకానికి లేదు. బాగా ఎదిగిన క్లియర్‌స్ప్రింగ్స్ స్టాక్ మార్కెట్లో లేదు, దాని వ్యవస్థాపకుడు 2025లో బ్రిటన్ శతకోటీశ్వరుల జాబితాకెక్కారు. మిగతా రెండూ లండన్ మార్కెట్లో దొరుకుతాయి. కానీ సెర్కోకు ఉన్న అనేక సర్కారు పనుల్లో ఇదొకటి, మియర్స్‌కు ప్రభుత్వ గృహాల మరమ్మతుల పనీ ఉంది. తొలి ఐదేళ్లలో మూడూ కలిసి ఈ ఒప్పందాల మీద చూపిన లాభం 38.3 కోట్ల పౌండ్లు, సగటున వందకు ఏడు. పైగా 2029 కల్లా హోటళ్లు ఖాళీ చేయిస్తామని అక్కడి ప్రభుత్వం మాటిచ్చింది, ఒప్పందాల గడువు తీరేదీ ఆ ఏడాదే.

అమెరికాలో వలసదారుల నిర్బంధ కేంద్రాలు నడిపేవి జియో గ్రూప్, కోర్‌సివిక్. 2016 ఆగస్టులో అక్కడి న్యాయశాఖ ప్రైవేటు జైళ్లను తగ్గిస్తామని ఒక్క ఉత్తర్వు ఇచ్చింది. అది వలసదారుల కేంద్రాల గురించి కాకపోయినా రెండు షేర్లూ ఒకే రోజులో మూడో వంతుకు పైగా పడ్డాయి. నవంబరులో ఎన్నికల ఫలితం రాగానే కోర్‌సివిక్ ఒక్కరోజులో 40 శాతం పైన ఎగిసింది. 2025లో నిర్బంధాలకు 4,500 కోట్ల డాలర్లు మంజూరయ్యాక కూడా జియో షేరు ఆ ఏడాది చివరికి జనవరి ధరలో సుమారు సగానికి దిగింది. పరాయి దేశపు ఎన్నికల మీద ఆడపిల్ల పెళ్లిని పందెం కాస్తారా?

సర్కారు డబ్బు మునగదంటారు, అదీ నిజమే. కానీ వేళకు రాకపోవచ్చు. 2024 అక్టోబరులో దసరా సెలవులయ్యాక మన గురుకులాలకు పిల్లలు తిరిగొస్తే చాలాచోట్ల గేట్లకు తాళాలున్నాయి. అద్దె బకాయిలు రాలేదని భవనాల యజమానులు వేసినవి. ఆ యజమానులు బ్యాంకు వాయిదా మాత్రం ఏ నెలకానెల కట్టాల్సిందే కదా.

మీ సంకోచం సంగతి. మార్కెట్లో కొన్న షేరు డబ్బు దాన్ని అమ్మినవాడికే చేరుతుంది కాబట్టి మీ వల్ల ఎవరి కష్టమూ పెరగదు. కాకపోతే ఆ షేరు ఉన్నంతకాలం, అక్కడి దరఖాస్తులు తేలకుండా ఉండాలని, మనుషులు హోటళ్లలోనే మగ్గాలని మీరు కోరుకోవాలి. నేనైతే కొనను. మీ అబ్బాయికి అంతగా నమ్మకముంటే తన జీతంలోంచి కొద్దిగా కొనుక్కోనివ్వండి.

పెళ్లి డబ్బు మూడు బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేయండి. ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా ఉంటుంది గనుక దాన్ని దాటనివ్వకండి. ప్లాటు 2024 జులై 23కి ముందు కొన్నదైతే పన్ను 12.5 శాతమా, ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతమా, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. ఆడిటర్‌తో లెక్క వేయించి ఆ మొత్తం విడిగా ఉంచండి. తర్వాత మిగిలింది పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకంలో వేస్తే మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది.

వీటన్నిటికంటే ముందు ఈ వారమే అప్పు తీర్చి నగలు విడిపించండి. పెళ్లికి అవి ఎలాగూ కావాలి.