ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో మేనకోడలి పెళ్లి జరిపించవచ్చా?

ప్రశ్న: మేము ఇరవై ఏళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాము. మా చెల్లెలి కూతురు హెచ్-1బీ వీసా మీద ఉద్యోగం చేస్తోంది. అమెరికా పౌరుడైన అబ్బాయితో వచ్చే వేసవిలో, న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున పెళ్లి నిశ్చయమైంది. నాకు మంత్రభాగం కొంత వచ్చు కాబట్టి, పురోహితుడు వద్దు, మావయ్యే జరిపించాలని పిల్లలిద్దరూ పట్టుబడుతున్నారు. ఒక వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే కొద్ది నిమిషాల్లో 'ఆర్డెయిన్డ్ మినిస్టర్' (దీక్ష పొందిన మతాచార్యుడు) అని సర్టిఫికెట్ వచ్చింది. రెండేళ్ల క్రితం క్వీన్స్‌లో ఒక స్నేహితుడి కొడుకు పెళ్లికి ఇదే సర్టిఫికెట్ ఆధారంగా లైసెన్సు మీద సంతకం కూడా చేశాను. ఇది చట్టరీత్యా చెల్లుతుందా?

జవాబు: న్యూయార్క్ రాష్ట్రంలో జరిగే పెళ్లికి మీరు ఈ సర్టిఫికెట్ మీద ఆధారపడవద్దని నా సలహా. అది చెల్లదని ఖాయంగా చెప్పలేము, చెల్లుతుందని అంతకన్నా చెప్పలేము. ఆ సందేహంతో పనిలేకుండా మీరే పెళ్లి జరిపించే మార్గం 2023 మార్చి 28 నుంచి అక్కడి చట్టంలో ఉంది. దాని గురించి చెప్పే ముందు ఈ చిక్కు ఎక్కడ వచ్చిందో వివరిస్తాను.

మన దేశంలో హిందువుల పెళ్లికి ఈ ప్రశ్నే రాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ఆచారం ప్రకారం తంతు జరిగిందా, సప్తపది ఉన్నచోట ఏడో అడుగు పడిందా అని చూస్తుంది తప్ప, మంత్రం చెప్పినవారికి ఏ అర్హత ఉందో అడగదు. అమెరికాలో అలా కాదు. వధూవరులు తీసుకునే మ్యారేజ్ లైసెన్సు ఒకటి, పెళ్లి జరిపించి దాని మీద సంతకం చేసేవారి అధికారం మరొకటి; రెండూ సరిగ్గా ఉండాలి. దేశమంతటికీ వర్తించే ఒకే చట్టం లేదు కాబట్టి, మీరు న్యూజెర్సీ వాసులైనా పెళ్లి జరిగే న్యూయార్క్ చట్టమే ఇక్కడ ప్రమాణం. ఆ రాష్ట్రపు డొమెస్టిక్ రిలేషన్స్ లా 11వ సెక్షన్ పెళ్లి జరిపించగలవారిని వరుసగా పేర్కొంటుంది: మేయర్లు, న్యాయమూర్తులు, ఏ మతానికి చెందిన మతాచార్యులైనా. వెబ్‌సైట్ ఇచ్చిన సర్టిఫికెట్‌తో మీరు ఆ 'మతాచార్యులు' అన్న మాటలోకి వస్తారా అన్నదే వివాదం.

అడిగినవారందరికీ మినిస్టర్ హోదా ఇచ్చే పద్ధతి ఇంటర్నెట్ కంటే పాతది. కాలిఫోర్నియాలోని మోడెస్టోలో కర్బీ హెన్స్‌లీ ప్రారంభించిన యూనివర్సల్ లైఫ్ చర్చ్ 1960లలోనే తపాలా ద్వారా ఈ పని చేసేది. ఆ చర్చి మినిస్టర్ జరిపించిన ఒక పెళ్లి, భార్యాభర్తల మధ్య వివాదం వచ్చి, 1989లో రనియెరీ కేసుగా, ప్రాంతాల వారీగా విభాగాలున్న న్యూయార్క్ అప్పీలు న్యాయస్థానం రెండో విభాగం ముందుకు వచ్చింది. కోరిన ప్రతివారికీ హోదా ఇచ్చే సంస్థ మినిస్టర్‌ను చట్టం ఉద్దేశించిన మతాచార్యుడిగా పరిగణించలేమంటూ కోర్టు ఆ పెళ్లి చెల్లదని తేల్చింది. 2013లో ఆస్వాల్డ్ కేసులో మూడో విభాగం అంత దూరం వెళ్లలేదు. అదే చర్చి చట్టం చెప్పే 'చర్చి' అవునో కాదో వాస్తవాలను విచారించి నిర్ణయించాలన్నది. ఏది నిజమైన మతమో, ఎవరు నిజమైన ఆచార్యుడో ప్రభుత్వం నిర్ణయించడం అమెరికా రాజ్యాంగానికి ఇబ్బందికరమైన విషయం కాబట్టి, రనియెరీ తీర్పు తర్కం ఈనాటికి బలహీనమనే నేను అనుకుంటాను. కానీ మీ మేనకోడలి పెళ్లిని ఆ తర్కానికి పరీక్షగా పెట్టమని నేను చెప్పలేను.

హడ్సన్ ఒడ్డున అని రాశారు కానీ ఏ ఒడ్డో రాయలేదు. తూర్పు ఒడ్డున పొకిప్సీ ఉన్న డచెస్ కౌంటీ రెండో విభాగం కిందకు, దానికి ఎదురుగా పడమటి ఒడ్డున ఉన్న అల్‌స్టర్ కౌంటీ మూడో విభాగం కిందకు వస్తాయి. అంటే అదే సర్టిఫికెట్, అదే మావయ్య, అవే మంత్రాలు అయినా, మండపం ఏ ఒడ్డున వేశారన్నదాన్ని బట్టి ఆ పెళ్లికి ఉండే న్యాయపరమైన ప్రమాదం మారవచ్చు.

ఈ ప్రమాదం పెళ్లిరోజున కనిపించదు. క్లర్క్ లైసెన్సును నమోదు చేస్తారు, పెళ్లి సర్టిఫికెట్ ఇంటికి వస్తుంది. విడాకులో, ఆస్తి పంపకమో, దంపతుల్లో ఒకరి మరణమో వచ్చినప్పుడు, ఆ పెళ్లే జరగలేదని వాదించడం వల్ల లాభపడేవారు దాన్ని బయటికి తీస్తారు. మీ మేనకోడలి విషయంలో మరో సంగతి కూడా ఉంది. పెళ్లి తరువాత భర్త ఆమె గ్రీన్ కార్డు కోసం ఐ-130 దరఖాస్తు వేస్తే, ఇమ్మిగ్రేషన్ అధికారులు మొదట చూసేది పెళ్లి జరిగిన చోటి చట్టం ప్రకారం అది చెల్లుతుందా అన్నదే. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే అందరికన్నా ఎక్కువ నష్టపోయేది ఆ అమ్మాయే.

ఇక మార్గానికి వస్తాను. పైన చెప్పిన తేదీ నుంచి న్యూయార్క్‌లో 'వన్ డే మ్యారేజ్ అఫీషియెంట్ లైసెన్స్' అమలులో ఉంది. పద్ధెనిమిదేళ్లు నిండినవారెవరైనా టౌన్ లేదా సిటీ క్లర్క్‌కు దరఖాస్తు చేసి, 25 డాలర్ల రుసుము చెల్లించి, పేర్కొన్న ఒక జంట పెళ్లి జరిపించే అధికారం పొందవచ్చు. న్యూయార్క్ వాసులై ఉండనవసరం లేదు, ఏ మతపు దీక్షా అక్కరలేదు. పిల్లలు తమ మ్యారేజ్ లైసెన్సు ఎక్కడ తీసుకుంటారో అదే కార్యాలయంలో మీరు దీనిని తీసుకోవడం మంచిది; కాగితాలన్నీ ఒకేచోట ఉంటాయి. వాళ్లిద్దరూ కలిసి స్వయంగా క్లర్క్ దగ్గరికి వెళ్లాలి. వాళ్ల లైసెన్సు ఇచ్చిన తరువాత 24 గంటలు గడిస్తేనే పెళ్లి జరగాలి, 60 రోజులు దాటితే లైసెన్సు చెల్లదు. అందువల్ల వేసవి పెళ్లికి సంక్రాంతి సెలవుల్లోనే లైసెన్సు తెచ్చి బీరువాలో పెట్టుకుంటే ప్రయోజనం ఉండదు. న్యూజెర్సీలో తీసుకున్న లైసెన్సు న్యూయార్క్‌లో పనికిరాదని కూడా గుర్తుంచుకోండి.

పెళ్లి తంతు ఎలా ఉండాలో న్యూయార్క్ చట్టం నిర్దేశించదు. జీలకర్ర బెల్లం, మంగళసూత్రధారణ, తలంబ్రాలు అన్నీ మీ ఇష్టం. కానీ 12వ సెక్షన్ ప్రకారం, జరిపించేవారి ఎదుట, ఆయన కాక కనీసం మరొక సాక్షి ఎదుట, తాము ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నామని ఇద్దరూ ప్రకటించి తీరాలి. మన పెళ్లిలో వధూవరులు మంత్రం తిరిగి చెప్పడమే తప్ప ఆ మాట స్పష్టంగా అనే సందర్భం చాలాసార్లు రాదు. సప్తపది ముగిసిన వెంటనే ఆ వాక్యాన్ని ఇద్దరి చేతా ఇంగ్లీషులో కూడా పలికించండి. మేనమామగా పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి తేవలసింది కూడా మీరే అయితే, ఆ పని ముగించి పీట దగ్గరికి రావడానికి వ్యవధి ఉండేలా చూసుకోండి.

తేదీ విషయంలో మరొక జాగ్రత్త అవసరం. రాత్రి ఒంటిగంటన్నరకు ముహూర్తం పెడితే, పంచాంగం లెక్కలో సూర్యోదయం దాకా అది ముందురోజే. శుభలేఖలోనూ అలాగే వేస్తాము. క్లర్క్ లెక్కలో అర్ధరాత్రి దాటితే మరునాడు. లైసెన్సు మీద రాయవలసింది క్యాలెండర్ తేదీయే. దానిని పూర్తిచేసి, సంతకాలు పెట్టించి, పెళ్లి జరిగిన ఐదు రోజుల్లోపు ఇచ్చిన క్లర్క్‌కు తిరిగి చేర్చే బాధ్యత జరిపించినవారిది, అంటే మీది. జరిపించినవారి హోదా రాసేచోట 'మినిస్టర్' అని రాయకండి. వన్ డే అఫీషియెంట్ అనే రాయండి.

ఇది న్యూయార్క్‌కు మాత్రమే వర్తించే జవాబు. వర్జీనియా సుప్రీంకోర్టు 1974లోనే క్రేమర్ కేసులో ఇలాంటి మినిస్టర్లకు పెళ్లి జరిపించే అనుమతి నిరాకరించింది. టెనెసీ 2019లో ఆన్‌లైన్ దీక్ష పొందినవారు పెళ్లిళ్లు జరిపించరాదని చట్టమే చేసింది, దాని మీద ఫెడరల్ కోర్టుల్లో వ్యాజ్యం నడిచింది. టెక్సస్ చట్టం మాత్రం, జరిపించినవారికి అధికారం ఉన్నట్టు సహేతుకంగా కనిపించి, దంపతుల్లో ఒకరైనా సద్విశ్వాసంతో పాల్గొని ఉంటే, ఆయనకు అధికారం లేదన్న కారణంతో పెళ్లిని కొట్టివేయదు. ఎవరైనా బంధువులు ఈ సర్టిఫికెట్‌ను ఇండియాకు పట్టుకుపోయి, గుంటూరులోనో ఖమ్మంలోనో క్రైస్తవ వివాహం జరిపించాలనుకుంటే గట్టిగా వారించండి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం 5వ సెక్షన్ ఎవరు జరిపించవచ్చో చెబుతుంది. అధికారం లేకుండా జరిపించినవారికి 68వ సెక్షన్ కింద పదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

చివరగా క్వీన్స్ పెళ్లి. క్వీన్స్ రెండో విభాగం పరిధిలోనిదే, కాబట్టి రనియెరీ తీర్పు దానికి వర్తిస్తుంది. అప్పట్లో మీరు న్యూయార్క్ సిటీ క్లర్క్ దగ్గర అఫీషియెంట్‌గా నమోదు చేయించుకుని ఉన్నా, ఆ నమోదు మీకు లేని అర్హతను తెచ్చిపెట్టదు. అయితే కంగారు పడవలసిన పని లేదు. పెళ్లి చెల్లుతుందన్న భావనకే న్యూయార్క్ కోర్టులు మొగ్గుతాయి, ఎవరో ఒకరు కోర్టుకు వెళ్లి నిరూపించేదాకా ఆ పెళ్లిని ఎవరూ కదపరు. ఆ దంపతులు మళ్లీ లైసెన్సు తీసుకుని, సిటీ క్లర్క్ కార్యాలయంలో రెండోసారి వివాహం చేసుకోవడానికి కూడా ఆ రాష్ట్రపు చట్టం అనుమతిస్తుంది. అందుకు విందూ మండపమూ అక్కరలేదు, ఒక సాక్షి చాలు. అయితే రెండో పెళ్లి చెల్లేది ఆ తేదీ నుంచే కాబట్టి, వారిలో ఎవరిదైనా వీసా లేదా గ్రీన్ కార్డు మొదటి పెళ్లి ఆధారంగా వచ్చి ఉంటే, ముందుగా ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని కలవాలి. మీ స్నేహితుడికి ఈ సంగతి మీరే ఈ వారంలో ఫోన్ చేసి చెప్పండి.