బూట్లు అటకెక్కించాలా?

ప్రశ్న: సార్, నాకు 36 ఏళ్లు. గాజువాకలో ఉంటాం, ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. పెరిగింది మల్కాపురంలో. ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు ఫుట్‌బాలే లోకం. స్కూలుకీ కాలేజీకీ రైట్ వింగ్ ఆడాను. ఇప్పటికీ డ్యూటీ లేని రోజు గ్రౌండ్‌కి పోతాను. మొన్న వానల్లో మోకాలు మెలిపడింది. అప్పట్నుంచీ ఇంట్లో ఒకటే గొడవ, పెళ్లాం పిల్లలున్నవాడికి ఇంకా ఈ ఆటలేంటని. నాతో ఆడినవాళ్లు కూడా ఒక్కొక్కరూ మానేశారు. నేనూ మానేయాలా? మా పాపకి తొమ్మిదేళ్లు, తనకీ నేర్పమని వెంటపడుతోంది.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మానొద్దు తమ్ముడూ. ముందు మోకాలి సంగతి తేల్చుకో. ఆ తర్వాత వింగ్ (మైదానం అంచు వెంట పరుగెత్తే చోటు) వదిలి వెనక్కి, డిఫెన్స్‌లోకి రా. ఇంకా చాలా ఏళ్లు ఆడతావు.

మెలిపడినప్పుడు లోపల టప్‌మన్నట్టు అనిపించిందా? కొద్ది గంటల్లోనే వాచిందా? మెట్లు దిగుతుంటే మోకాలు జారిపోతున్నట్టుంటోందా? మడిచిన కాలు చాపబోతే పట్టేస్తోందా? వీటిలో ఏ ఒక్కటున్నా ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరుకి చూపించు. విశాఖలో పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఓపీకి వెళ్లినా సరే. పట్టీ వేయించుకుని, నొప్పి తగ్గగానే దిగిపోయి, రెండోసారి అదే కాలు పోగొట్టుకున్న మంచి ఆటగాళ్లు నాకు తెలుసు. నొప్పి తగ్గితే లోపల ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంటు బాగైనట్టు కాదు. తెగి ఆపరేషన్ దాకా వెళ్తే తొమ్మిది నెలల లోపు మ్యాచ్ మాట ఎత్తకూడదు. తెగలేదంటే తొడ కండరాలు గట్టిపడేదాకా ఫిజియోథెరపీ చేయించుకుని, ఆ తర్వాతే బంతి ముట్టుకో. ఇంట్లోవాళ్లకి ఆ రిపోర్టు చూపించి మాట్లాడు. నువ్వు మంచాన పడితే ఇల్లెలా గడుస్తుందని వాళ్ల బెంగ. అది తీర్చకుండా ఆట మీద నీ ప్రేమ గురించి ఎంత చెప్పినా వాళ్ల చెవికెక్కదు.

ఇక ఉద్యోగం, ఆట రెండూ ఎలా నడపాలన్నది. ఇది నేను బతికిన సంగతి, కాస్త వివరంగా చెప్పనీ.

నేను వాల్తేరు రైల్వే క్వార్టర్స్ పిల్లాణ్ని. నాన్న లోకోషెడ్‌లో ఫిట్టరు. 1955లో మా రైల్వే సౌత్ ఈస్టర్న్ అయినా కలకత్తాలో దాని జట్టు మాత్రం బి.ఎన్.ఆర్. (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) అన్న పాత పేరుతోనే ఆడేది. ఆ జట్టు మాదే అనుకునేవాళ్లం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన భారత జట్టు ఫార్వర్డ్ తులసీదాస్ బలరాం 1963లో బి.ఎన్.ఆర్.కి వచ్చిన ముచ్చట షెడ్డు వాళ్లు ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. 1964 ఆసియా కప్‌లో దక్షిణ కొరియా మీద మన దేశానికి మొదటి గోలు కొట్టింది అప్పలరాజు. మా లైన్లలో ఆ పేరు పెట్టి ఎటు కేకేసినా ఒకడు పలికేవాడు. వాళ్లందరికీ సెంటర్ ఫార్వర్డే కావాలి!

చందాలేసుకుని తోలుబంతి కొనేవాళ్లం. లోపల బ్లాడరు, పైన లేసు. వానకి నానితే రాయిలా బరువెక్కేది. హెడ్ కొట్టినప్పుడు లేసు ముడి నుదురు గీరేసేది. ఆట అయ్యాక మట్టి తుడిచి, కుట్ల మీద ఆముదం రాసి, నీడపట్టున ఆరబెట్టాలి. ఎండలో పెడితే తోలు పెళుసెక్కి కుట్లు విడిపోతాయి. ఆ పని మాలో చిన్నవాళ్లది. నేను చాలాకాలం చిన్నవాణ్ని.

పెద్దయ్యాక గూడ్స్ గార్డునయ్యాను, కొత్తవలస–కిరండూల్ లైన్లో. ఇనుప ఖనిజం బండ్లకి పగలూ రాత్రీ ఉండదు. డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ పుస్తకం పట్టుకుని ఇంటికొస్తే సంతకం పెట్టి బయల్దేరాలి. మా కాల్ బాయ్‌కి నా సంగతి తెలుసు, తిన్నగా గ్రౌండ్‌కే వచ్చేవాడు. టచ్‌లైన్ దగ్గర చెట్టు కింద సైకిల్ ఆపి, బంతి బయటకి పోయేదాకా ఆగి, అప్పుడు పిలిచేవాడు. చెమట చేత్తో సంతకం పెడితే కాగితం మీద సిరా అలుక్కుపోయేది. లైన్ బాక్స్‌లో, అంటే గార్డు సామాను పెట్టెలో, ఎర్రజెండా, పచ్చజెండా, ప్రమాదమని హెచ్చరించడానికి పట్టాల మీద పేల్చే డిటొనేటర్ల డబ్బా, వాటి పక్కన పాత తువ్వాల్లో చుట్టిన బూట్లు. కొండ మీద రన్నింగ్ రూములో నిద్ర తీరాక ఇంకో నలుగురు దొరికితే వెనక ఖాళీ స్థలంలో అరగంటైనా ఆడేవాణ్ని.

అలాంటి ఉద్యోగంలో కూడా నా ఆట నిలబడింది మా జట్టు నియమం వల్లే. ఆదివారం పొద్దున్న ఆరింటికి గ్రౌండ్‌లో బంతి పడాల్సిందే, ఎవరొచ్చినా రాకపోయినా. నువ్వు 'డ్యూటీ లేని రోజు' పోతానని రాశావు, అంటే వీలైనప్పుడే. నీ తోటివాళ్లూ వీలు కోసమే చూసి ఉంటారు, ఆ వీలు వాళ్లకి దొరికి ఉండదు. వారం, టైము, చోటు ఖాయం చెయ్యి. ఏడుగురేసి ఆడాలంటే పద్నాలుగు మంది చాలనుకోకు, కనీసం ముప్పై పేర్లు రాసుకో. ఏ ఆదివారమైనా కొందరు పొద్దుటి ఎ షిఫ్టులో ఉంటారు, కొందరు రాత్రి డ్యూటీ దిగి పడుకుంటారు. మిగిలినవాళ్లతో ఆట ఆగకుండా సాగాలి. రాత్రి సి షిఫ్టు దిగి నేరుగా గ్రౌండ్‌కి మాత్రం రావద్దు. నిద్ర లేని ఒళ్లు ఆలస్యంగా కదులుతుంది, దెబ్బలు తగిలేది అప్పుడే. మన ఊరి ఉక్కలో ఎనిమిది దాటాక ఆడటం కూడా మంచిది కాదు.

వింగ్ వదలడం నీకు కష్టంగా ఉంటుంది, నాకూ ఉండేది. 1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్ తలుచుకో. జర్నైల్ సింగ్ డిఫెండరు. తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. భారత జట్టు కోచ్, మన హైదరాబాద్ రహీం సాబ్ అతన్ని పక్కన పెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా దించాడు. ఆ రోజు దక్షిణ కొరియా మీద 2–1తో స్వర్ణం గెలిచాం, అందులో ఒక గోలు జర్నైల్‌ది. నీది దానికి ఎదురు ప్రయాణం. వెనక నిలబడితే గ్రౌండంతా కళ్ల ముందుంటుంది. వింగ్‌లో పరుగుతో తప్పించుకున్నవాడివి, ఇక్కడ అవతలివాడు పాస్ ఇవ్వకముందే అది ఎటు పోతుందో పసిగడతావు. నాకైతే ఈ ఆటలో ఎక్కువ ఆనందం నలభై దాటాకే దొరికింది. అదీ కుదరని రోజు వస్తే మనవాళ్ల ఆటలకి రిఫరీగా విజిల్ ఊదొచ్చు. నడిచి ఆడే ఫుట్‌బాలూ ఉంది, ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్‌లో 2011లో మొదలుపెట్టారు, పరుగెత్తితే ఫౌలు.

పాపని తప్పకుండా తీసుకెళ్లు. తనకి 4వ నంబరు బంతి కొను. నువ్వాడే 5వ నంబరు చుట్టుకొలత 68–70 సెం.మీ., బరువు 410–450 గ్రాములు, ఆ వయసు కాలికి అది ఎక్కువ. తలతో కొట్టడం ఇప్పుడే నేర్పకు, అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య పదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకి దాన్ని నిషేధించింది. ఇంకో మాట. ఫిఫా '11+' అని ఒక వార్మప్ ఉంది. మొత్తం 15 వ్యాయామాలు, 20 నిమిషాల్లో అయిపోతాయి. నెమ్మది పరుగు, ఒంటికాలి మీద నిలకడ, మోకాళ్లు లోపలికి వాలకుండా దూకి దిగడం, తొడ వెనక కండరాలకి బలం. నార్వేలో 13–17 ఏళ్ల అమ్మాయిల జట్ల మీద పరీక్షిస్తే గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయని 2008లో ప్రకటించారు. నీకు డాక్టరు సరేనన్నాక వారానికి రెండుసార్లైనా చెయ్యి. పాపకి పూర్తి వార్మప్ ఇంకా అక్కర్లేదు. దూకి దిగడం, ఒంటికాలి మీద నిలబడటం మాత్రం నీ పక్కన నిలబెట్టి ఆటలా చేయించు.

ప్రశ్న: ఎర్రమట్టి గ్రౌండ్‌లోనూ, అద్దె టర్ఫ్‌లోనూ ఒకే బూట్లు వాడొచ్చా?
– ఒక విద్యార్థి, కంచరపాలెం

జవాబు: ఒక్క జతే కొనగలిగితే అడుగున పొట్టి రబ్బరు స్టడ్లు (బుడిపెలు) దగ్గరదగ్గరగా ఉన్నవి తీసుకో, రెండుచోట్లా పనికొస్తాయి. పొడుగు స్టడ్లు మెత్తటి పచ్చిక కోసం చేసినవి. గట్టి మట్టి మీద పాదం నొప్పి పెడతాయి. టర్ఫ్ ప్లాస్టిక్ గడ్డిలో నాటుకుపోయి, ఒళ్లు తిరిగినా కాలు తిరగదు, ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. బూట్లు సాయంత్రం పూట కొను, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. ఆడేటప్పుడు వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడు.