బీఏ సీటు కోసం అత్యవసర నిధిని కరిగించకండి

ప్రశ్న: ఖమ్మంలో ఒక ప్రైవేటు సంస్థలో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. వయసు 47. నెలకు చేతికి రూ.68,000 వస్తుంది. ఇంటి రుణ వాయిదాతో కలిపి ఖర్చు రూ.46,000. ఇంటర్‌ హెచ్‌ఈసీ పూర్తిచేసిన మా అమ్మాయి సమాజశాస్త్రం చదివి అధ్యాపకురాలు కావాలనుకుంటోంది. హైదరాబాద్‌ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్‌ ఎంఏలో సీటు వచ్చింది. అయితే బీఏకు కాలేజీ పేరైనా ఉండాలని బంధువులు చెప్పడంతో, వేరే రాష్ట్రంలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల బీఏ ఆనర్స్‌కు రూ.50,000 కట్టి సీటు ఉంచుకున్నాం. అక్కడ హాస్టలుతో కలిపి ఏడాదికి రూ.8 లక్షలు అవుతుంది. మొదటి ఏడాదికి రూ.4.2 లక్షల ఫిక్స్‌డ్‌ డిపాజిట్‌ను తీసి, మిగిలినది వ్యక్తిగత రుణంతోనూ, నా భార్య బంగారం తాకట్టుతోనూ సర్దుకుని, తర్వాతి మూడేళ్లకు రూ.24 లక్షల విద్యా రుణం తీసుకోవాలనుకుంటున్నాం. అబ్బాయి తొమ్మిదో తరగతి. ఆరోగ్య బీమా నేను పనిచేసే సంస్థ ఇచ్చిన రూ.3 లక్షలదే. మా ప్రణాళిక సరైనదేనా?

సమాధానం: సరైనది కాదు. ఇంత సూటిగా చెప్పడానికి కారణం ఉంది. పిల్లలు చరిత్ర, సమాజశాస్త్రం, రాజనీతిశాస్త్రం వంటివి చదువుతామన్నప్పుడు, ఆ చదువుకు విలువ తక్కువన్న భయంతో దానికి ఖరీదైన సంస్థ పేరును తగిలించి, ఆ పేరు కోసం అప్పుచేసే తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. మీ అమ్మాయి ఎంచుకున్న చదువులో లోపం లేదు. లోపం మీరు డబ్బు సర్దుతున్న తీరులో ఉంది.

అధ్యాపక వృత్తికి వెళ్లాలంటే డిగ్రీతో ఆగడం కుదరదు. ఎంఏ, ఆపై అధ్యాపక అర్హత పరీక్ష నెట్‌, ఆపై పీహెచ్‌డీ ఉంటాయి. అన్నీ అనుకున్నట్లే జరిగినా స్థిరమైన సంపాదన మొదలయ్యేసరికి ఇంజినీరింగ్‌ చదివిన తోటివారికంటే ఆరేడేళ్లు ఆలస్యమవుతుంది. అంటే ఈ దారిలో అసలు ఖర్చు ఫీజు కాదు, ఆదాయం లేని ఆ సంవత్సరాలు. ఆ కాలమంతా మీ అమ్మాయి నిశ్చింతగా చదువుకోవాలంటే మీ ఇంట్లో కదపకూడని నిల్వ ఒకటి ఉండాలి. మీరు మొట్టమొదట కరిగించాలనుకుంటున్నది సరిగ్గా ఆ నిల్వనే.

రూ.24 లక్షల రుణం సంగతి చూడండి. రెండో ఏడాది నుంచి ఏటా రూ.8 లక్షల చొప్పున తీసుకుని, వడ్డీ 10.5 శాతం అనుకుంటే, చదువు ముగిసి మరో ఏడాది గడిచేసరికి పేరుకున్న వడ్డీతో కలిపి బాకీ రూ.31.5 లక్షలు దాటుతుంది. పదేళ్ల వాయిదాలకు నెలకు రూ.42,500 పైమాటే. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) పరిశోధకులకిచ్చే జూనియర్‌ రీసెర్చ్‌ ఫెలోషిప్‌ సాధించిన వారికి నెలకు వచ్చేది రూ.37,000, ఇంటి అద్దె భత్యం విడిగా. అంటే మీ అమ్మాయి తన రంగంలో గట్టి పోటీని నెగ్గినా, ఆ ఫెలోషిప్‌ మొత్తం వాయిదాకే చాలదు. పైగా వాయిదాలు మొదలయ్యే నాటికి ఆమె ఇంకా ఎంఏలోనే ఉండవచ్చు. అప్పుడు కట్టవలసింది 52 ఏళ్ల మీరు. ఆ వాయిదాలు ముగిసేసరికి మీకు 62. చాలా ప్రైవేటు సంస్థల్లో పదవీ విరమణ 58 ఏళ్లకే అన్న సంగతి మీకు గుర్తుచేయాలా? మీ అబ్బాయి డిగ్రీ ఖర్చు కూడా ఆ ఏళ్లలోనే వస్తుంది.

ఇక మొదటి ఏడాది ఫీజుకు వ్యక్తిగత రుణం, బంగారం తాకట్టు అనే ఆలోచనను పూర్తిగా విడిచిపెట్టండి. చదువు పూర్తయ్యేదాకా ఆగే విద్యా రుణానికీ, మరుసటి నెల నుంచే వాయిదా అడిగే వ్యక్తిగత రుణానికీ తేడా తెలియకుండా ఎవరూ సంతకం చేయరు; తెలిసీ చేస్తున్నారంటే బంధువుల మాట లెక్కకంటే బలంగా పనిచేసిందనే అనుకోవాలి. ఆ విశ్వవిద్యాలయం చూపిన ప్లేస్‌మెంట్‌ అంకెలు సమాజశాస్త్ర విద్యార్థులవా, మేనేజ్‌మెంట్‌, కంప్యూటర్‌ కోర్సులవా అని అడిగారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు.

కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సీటు తీసుకోండి. అక్కడ ఫీజుకంటే హాస్టలు, మెస్సు ఖర్చే పెద్దది; అన్నీ కలిపి నెలకు రూ.7,000 చొప్పున పక్కన పెట్టుకుంటే మీ మిగులు రూ.22,000లో ఇంకా రూ.15,000 ఉంటుంది. అందులో రూ.10,000 నేరుగా అత్యవసర నిధికి మళ్లించండి. సాధారణంగా ఆరు నెలల ఖర్చు చాలంటారు. ఇద్దరు పిల్లల చదువు, ఒక్కరి జీతం, ప్రైవేటు ఉద్యోగం ఉన్న మీ ఇంటికి అది చాలదు, ఏడాది ఖర్చు ఉండాలి. అంటే రూ.5.5 లక్షలు. డిపాజిట్‌ను కదపకపోతే లోటు రూ.1.3 లక్షలే, పదమూడు నెలల్లో పూడుతుంది. ఆ తర్వాత కూడా దాన్ని పెళ్లిళ్లకు, పండగలకు, ఇంటి రంగులకు వాడరాదు.

మిగిలిన రూ.5,000 బీమాకు. ఉద్యోగం పోతే కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా అదే రోజు పోతుంది. కుటుంబమంతటికీ కనీసం రూ.10 లక్షల సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. రక్తపోటు, మధుమేహం వంటివి ముందే ఉంటే వాటి చికిత్సకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు కాబట్టి, ఆలస్యం చేసిన ప్రతి ఏడాదీ ఆ గడువును ముందుకు నెట్టడమే. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. మీకు ఏదైనా జరిగితే కుటుంబానికి డబ్బు అందించే రూ.1 కోటి టర్మ్‌ పాలసీ కూడా అవసరం. ఈ పాలసీల దరఖాస్తుల్లో వ్యక్తిగత వివరాలు దాచకుండా రాయండి.

ఎప్పుడైనా డబ్బు తక్కువపడితే, కేంద్రీయ విశ్వవిద్యాలయం చదువుకు కేంద్ర ప్రభుత్వ పీఎం విద్యాలక్ష్మి పథకం కింద తనఖా లేకుండా చిన్న విద్యా రుణం అడగవచ్చు. మీ వార్షికాదాయం రూ.8 లక్షలు దాటింది కాబట్టి అందులోని 3 శాతం వడ్డీ రాయితీ మీకు వర్తించదు. విద్యా రుణ వడ్డీపై ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే.

ప్రైవేటు విశ్వవిద్యాలయానికి కట్టిన రూ.50,000 పోతుందని ఆ సీటునే పట్టుకుని కూర్చోవద్దు. యూజీసీ నిబంధనల ప్రకారం ప్రవేశాల చివరి తేదీని బట్టి ఫీజు తిరిగి ఇవ్వాలి. ఆలస్యమయ్యే కొద్దీ తిరిగివచ్చే మొత్తం తగ్గుతుంది. సీటు వదులుకుంటున్నట్లు ఈ వారంలోనే ఈమెయిల్‌ ద్వారా రాసి, రసీదు ప్రతిని జతచేసి, వారి జవాబును భద్రపరచుకోండి.